డబ్బా ఇప్పుదాం రా, చెల్లె

చెల్లె, నీ కంప్యూటర్ గురించి నువ్వు ఫోన్ల చెప్పిన లక్షణాలన్నీ ఇన్నంక నాకు వేరే అనుమానమే లేదు. పొద్దుగాల మంచిగ నడుస్తది. ఎండ ఎక్కినంక లోపల ఫ్యాన్ హోరుమని కొట్టుకుంటది. ఆధార్ కాయితం పట్టుకొని మనిషి ఎదురుంగ నిలబడ్డప్పుడే టక్కున బందైతది. కొంచెంసేపు ఆగి బొత్తం నొక్కితే ఏమెరుగనట్టు మళ్ల లేస్తది. వైరస్ అనుకొని విండోస్ కొత్తగ ఎక్కిపిచ్చినవ్. పైసలు పోయినయ్, రోగం పోలే. ఎట్ల పోతది? రోగం సాఫ్ట్‌వేర్‌ల లేదు, నీ దుకాణం ముంగటి సడక్ మీద ఉన్నది.

కాళేశ్వరంల దుమ్ముకు కరువేంది? గోదావరి రీచులల్ల ఇసుక నింపుకొని మహదేవ్‌పూర్, కాటారం దిక్కు పోయే లారీలు టార్పాలిన్ కప్పుకున్నా సరే, సన్న ఇసుక రోడ్డు పొడుగూత రాలుతనే ఉంటది. చలికాలంల పత్తి ట్రాక్టర్లు, వాటెనుక గాలిల తేలే దూది పోగులు. గుడి దిక్కునుంచి అగరుబత్తి, కర్పూరం, దీపాల పొగ. కార్తీకమాసం, శివరాత్రి జనం ఎట్లాగూ ఉంటరు. 2025 మే 15 నుంచి 26 దాక సరస్వతి పుష్కరాలైనయ్ గదా, ఆ పన్నెండు రోజులు ఎండకాలపు దుబ్బల బస్సులు, కార్లు, జనం. నువ్వు షట్టర్ పూర్తిగ లేపి జిరాక్సులు తీసుకుంట కూసున్నవ్. గిరాకీ మంచిగైందని సంబురపడ్డవ్. నీ సీపీయూ డబ్బా గూడ ఆ పన్నెండు రోజులు పుష్కర స్నానం చేసింది, కాకపోతే దుమ్ముతోని.

ఈ దుమ్ములన్నీ ఒక్క తీరుగ ఉండయ్. ఇసుక బరువుది, డబ్బా అడుగుకు దిగుతది, ఫ్యాన్ ఇరుసుల సొచ్చిందంటే గరగర మొదలైతది. దూది పోగులు జాలీలకు, పలకల సందులకు అడ్డం పడి, ఎనుక వచ్చే దుమ్మునంతా ఆపుతయ్. పొగ అన్నిటికన్న మొండిది. దాంట్ల జిగురుంటది, అది పట్టిన చోట ఏది వాలినా అతుక్కుంటది, ఊదితె పోదు. భూపాలపల్లి ఓపెన్‌కాస్టు పక్కన ఉండే చెల్లెండ్లకు బొగ్గు దుమ్ము, చెల్పూరు థర్మల్ స్టేషన్ దిక్కోళ్లకు బూడిద, ఎవరి కష్టం వాళ్లది. పరకాల, జనగామ దిక్కు పత్తి మిల్లుల పక్కన కంప్యూటర్ పెట్టుకున్నోళ్లైతె ఇంకా తొందరగ ఇప్పాలె.

మన గుళ్లె ఒక్క పానవట్టం మీద కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు రెండు లింగాలు గదా. ముక్తేశ్వరునికి రెండు నాసికా రంధ్రాలు. అందుల పోసిన నీళ్లు బయటికి రాకుండ, లోపలి దారిన పోయి త్రివేణి సంగమంల కలుస్తయని మన నమ్మకం. నీ సీపీయూకు గూడ ముక్కుపుటాలు ఉన్నయ్. ముందటి జాలీ నుంచి గాలి లోపలికి పోవాలె, లోపలి వేడిని మోసుకొని ఎనుక ఫ్యాన్ దిక్కు బయటికి రావాలె. ఆ దారి మూసుకపోయిందంటే వేడి లోపల్నే తిరుగుతది. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దగ్గర్లకు పోయేసరికి, తనను తాను కాపాడుకునేటందుకు ముందుగాల వేగం తగ్గించుకుంటది. నీకు "స్లో అయింది" అనిపించేది గప్పుడే. ఇంకా వేడెక్కితే బందు జేసుకుంటది. అంటే అది చెడిపోయి ఆగుతలేదు, చెడిపోవద్దని ఆగుతున్నది.

మనకాడ ఇంకో తిప్పలు. ఫ్యాన్ చల్లగాలి పుట్టియ్యది, గదిల ఉన్న గాలినే తిప్పుతది. బయట 44, 45 డిగ్రీల ఎండ, రేకుల కింద నీ దుకాణం. అంత వేడిగాలితోనే అది ప్రాసెసర్‌ను చల్లారబెట్టాలె. కశ్మీరుల కంప్యూటర్‌కు దుమ్ము పట్టినా నడుస్తదేమో గానీ, మన దగ్గర మే నెలల దుమ్ముకు, ఎండకు రెండింటికి ఓర్వది.

నాకు అర్థంగానిది ఒక్కటే. డబ్బా ఇప్పాలంటె మన ఆడోళ్లకు పానం వణుకుతది. "అమ్మో, అక్కా, షాక్ కొడితే?" అంటరు. అదే డబ్బా మీద నడుస్తున్నప్పుడు కుట్టుపని చేసిన ముసుగు కప్పుతరు, పైన అగరుబత్తి స్టాండు పెడుతరు, భయమైతె లేదు. భయపడాల్సిన కాడ ధైర్యం, ధైర్యం చెయ్యాల్సిన కాడ భయం. ఇంటి కరెంటు 230 వోల్టులు. అది డబ్బాలకు పోంగనే ఎస్ఎమ్‌పీఎస్ అనే ఇనుప పెట్టె దాన్ని 12, 5, 3.3 వోల్టులుగ మార్చి మిగతావాటికి ఇస్తది. అంటే ఎస్ఎమ్‌పీఎస్ బయట ఉన్న మదర్‌బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, హార్డ్‌డిస్కు, ఇవేవీ 12 వోల్టులు దాటయ్. అయినా ప్లగ్గు పీకకుండ ముట్టుకోమంటలేను.

ఆ ఇనుప పెట్టెను మాత్రం ఎన్నడూ ఇప్పకు. దాంట్ల కెపాసిటర్లు ఉంటయ్, ప్లగ్గు పీకినంక గూడ కొంతసేపు 300 వోల్టులకు పైన దాచిపెట్టుకుంటయ్. ఎక్కడ చెయ్యి తగులుతదో మనకు తెల్వది. దాని జాలీ మీద బయటినుంచి కుంచె ఆడియ్యి, గాలి కొట్టు, అంతే. "అందుల గూడ దుమ్ముంది అక్కా, కనపడుతున్నది" అంటవు. కనపడనీ. స్క్రూ మీద మాత్రం చెయ్యి పెట్టకు. అది మెకానిక్ పని, వాళ్లల్ల గూడ చానమంది ఇప్పరు, కొత్తది ఏస్తరు.

ఇంకొక్కటి అడుగుతా. కంప్యూటర్ నడుస్తున్నప్పుడు సీపీయూ ఎనుక రేకుకు ముంజేయి తగిలితే సన్నగ జిల్లుమంటదా? చాన ఇండ్లల్ల అంటది. దుమ్ముకు దీనికి సంబంధం లేదు. ప్లగ్గు మూడో పిన్నుకు ఎర్తింగ్ లేకుంటె అట్లయితది. బోర్డుల ఆ పొక్కకు వైరే ఉండది, ఉన్నా ఎక్కడనో తెగి ఉంటది. చెప్పులేసుకున్నమని సర్దుకపోకు. దుమ్ము సంగతి తర్వాత, ముందుగాల ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపియ్యి.

సరే, ఇగ పనిల పడదాం. ముందు రోజు రాత్రే కస్టమర్ల ఫైళ్లు, నీ లెక్కలు పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చిపెట్టు. డబ్బా కొత్తదైతె బిల్లు, వారంటీ కాయితం చూడు, కొన్నిటికి ఎనుక సీలు అంటిచ్చి ఉంటది, అది చింపితే వారంటీ పోతది. పొద్దుగాల, గిరాకీ మొదలుగాకముందు పెట్టుకో. విండోస్ నుంచి పద్ధతిగ షట్‌డౌన్ చెయ్యి, ఎనుక ఎస్ఎమ్‌పీఎస్ స్విచ్ ఉంటే బందు పెట్టు, గోడ ప్లగ్గు పీకు. ఎనుక వైర్లు తీసేముందు ఫోన్ల ఫొటో కొట్టుకో. తీసినంక పవర్ బొత్తం కొంచెంసేపు ఒత్తిపట్టు, లోపల మిగిలిన కరెంటు దిగుతది. అప్పుడు డబ్బా ఎత్తుకొని వాకిట్లకో పెరట్లకో పో. దుకాణం లోపల దులిపితే పాత దుమ్ము ప్రింటర్ మీద కూసుంటది, ప్రింటర్ నుంచి మళ్ల ఇందులకే వస్తది.

ఆ రోజు కాటన్ చీరనో కాటన్ డ్రెస్సో కట్టుకో. మన మహదేవ్‌పూర్ దసలి పట్టు ఎంత ముచ్చటగ ఉన్నా ఈ పనికి పనికిరాదు, సింథటిక్ అసలే వద్దు. ఒంటిమీద స్టాటిక్ కరెంటు పుడుతది. మన చేతికి చురుక్కుమని తెల్వాలంటె అది సుమారు 3,000 వోల్టులు ఉండాలె, చిప్పులను పాడు చేసేటందుకు అంతల చిన్న వంతు చాలు, మనకు తెల్వనే తెల్వది. అందుకని చెయ్యి లోపల పెట్టేముందు, పెట్టినప్పుడల్లా, డబ్బా లోపల రంగెయ్యని ఇనుప చోటు ఒకసారి ముట్టు. గాజులు, ఉంగరం తీసిపెట్టు, జుట్టు ముడేసుకో, కొంగు నడుముల దోపుకో. ముక్కుకు రుమాలు కట్టుకో, లేకుంటె రాత్రంతా దగ్గుతవు.

ముందునుంచి చూస్తే ఎడమ పక్కన ఉండే రేకు తియ్యాలె. దాని స్క్రూలు ఎనుక ఉంటయ్, రెండు. ఇప్పి రేకును ఎనుకకు జరిపితే ఊడి వస్తది. స్క్రూలు చిన్న గిన్నెల ఏసి పక్కకు పెట్టు, పోరగాళ్లకు అందనియ్యకు.

లోపల చూడంగనే బల్లి కనపడితే అరవకు. ఎచ్చగ ఉంటదని బల్లులు, బొద్దింకలు లోపల చేరుతయ్. బొద్దింక పెంట దుమ్ముకన్న చెడ్డది, రాగి గీతలను తింటది. ఎనుక కార్డు తీసిన కాడ పొక్క మూయకుండ వదిలేస్తరు, అవి వచ్చేది ఆ దారినే. చిన్న రేకు ముక్కతోని మూయించు.

ఇప్పుడు అసలు చోటు. మదర్‌బోర్డు నడిమిట్ల గుండ్రటి ఫ్యాన్ ఉంటది, దాని కింద అల్యూమినియం పలకలు వరుసగ నిలబడి ఉంటయ్, పలకకు పలకకు నడుమ గోరు పట్టనంత సందు. అదే హీట్‌సింక్. పైనుంచి చూస్తే ఫ్యాన్ రెక్కలు కొంచెం మురికిగ కనపడుతయ్, అంతే. టార్చి ఏటవాలుగ పట్టి రెక్కల సందుల నుంచి లోపలికి చూడు. ఫ్యాన్‌కు పలకలకు నడుమ బూడిదరంగుల మెత్తటి పొర ఉంటది, పలకలే కనపడయ్. నీ కంప్యూటర్‌ను పగటిపూట ఆపుతున్నది అదే. మామూలుగ ఫ్యాన్ ఒక్కటే నాలుగు స్క్రూలతోనో కొక్కేలతోనో ఊడి వస్తది, అట్ల వస్తేనే తియ్యి. చీపురు పుల్లతోని అంచు లేపి మెల్లగ లాగితే ఆ పొర ఒక్క ముక్కగ లేసి వస్తది. చూసి "ఛీ" అంటవు, ఆ తర్వాత మనసు తేలికైతది. పలకల దిమ్మెను మాత్రం పీకకు. దాని కింద, ప్రాసెసర్ మీద, థర్మల్ పేస్టు అని తెల్లటి ముద్ద ఉంటది. దిమ్మె ఒకసారి లేచిందంటే పాత పేస్టు పనికిరాదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోని తుడిచి కొత్తది పెట్టాలె. పేస్టు లేకుండ మళ్ల బిగిస్తే, దుమ్ము ఉన్నప్పటికన్న ఎక్కువ వేడెక్కుతది.

మిగిలిన దుమ్ముకు గాలి కావాలె. బ్లోయర్ ఉంటే మంచిదే, చల్లగాలి బ్లోయర్, అడుగు దూరంల పట్టుకొని ఆపి ఆపి కొట్టు. అది లేకుంటె సైకిల్‌కు గాలి కొట్టే పంపు చాలు, నేను చెప్పేది నవ్వులాటకు గాదు. చేతిల పట్టుకునే స్ప్రే డబ్బా గాలి ఎవరన్న తెచ్చిస్తే డబ్బాను నిలువుగనే పట్టు. పడుకోబెడితే లోపలి ద్రవం బయటికి చిమ్మి, పడ్డ చోటల్లా గడ్డకట్టినంత చల్లబడుతది. కొట్టేటప్పుడు ప్రతి ఫ్యాన్‌ను వేలుతోనో పుల్లతోనో ఆపిపట్టు. గాలికి బొంగరం తిరిగినట్టు తిరుగుతుంటె చూడబుద్ధైతది గానీ, ఆ వేగానికి ఇరుసు అరుగుతది, పైగ తిరిగే ఫ్యాన్ చిన్న డైనమో అయి బోర్డు దిక్కు ఎదురు కరెంటు పంపుతది.

పంచర్ షాపు సంగతి చెప్పాలె. మన దిక్కు చానమంది చేసేదే ఇది. డబ్బాను బండి మీద పెట్టుకొని పోయి "అన్నా, జెర గాలి కొట్టు" అంటరు. ఆ అన్న లారీ టైర్లకు కొట్టే పైపుతోనే కొడుతడు. దుమ్మంతా ఒక్క దెబ్బకు లేసిపోతది, కండ్లకు మంచిగ కొడుతది. కానీ ఆ కంప్రెసర్ ట్యాంకుల నీటి చెమ్మ ఉంటది, నూనె తుంపర ఉంటది. అవి బోర్డు మీద పడితే పైనుంచి వచ్చే దుమ్ము ఇంకా గట్టిగ అంటుకుంటది. ఆ దెబ్బకు చిన్న చిన్న భాగాలు ఊడిపోయినా ఊడిపోతయ్. ఇంటి వాక్యూమ్ క్లీనర్ గూడ వద్దు, దాని ప్లాస్టిక్ మూతి దగ్గర స్టాటిక్ పుడుతది. నోటితోని ఊదుడు ఇంకా తప్పు, తుంపర్లు పోతయ్. తడిబట్ట ముచ్చటే ఎత్తకు.

జిగురు దుమ్ముకు, అదే పొగ దుమ్ముకు, గాలి చాలది. పెయింటు దుకాణంల మెత్తటి అంగుళం కుంచె కొత్తది కొను, ఇంట్ల రంగులేసింది వద్దు. పైనుంచి కిందికి ఒక్క దిక్కే మెల్లగ ఆడియ్యాలె, రుద్దొద్దు. రెక్కల మీద పట్టిన మడ్డి ఇయర్‌బడ్‌తోని పోతది. ముందటి రేకు లాగితే లోపల జాలీ ఉంటే దాన్ని మాత్రం నీళ్లల్ల కడుగొచ్చు, కానీ చెమ్మ లేకుండ ఆరినంకనే పెట్టాలె. లేజర్ ప్రింటర్, జిరాక్స్ మిషన్ లోపలి నల్లపొడిని మాత్రం గాలితోని ఊదకు. అది దుమ్ము గాదు, టోనర్, ఊపిరితిత్తులల్లకు పోతది.

ఇప్పుడు వైర్లు చూడు. ఒక వైరు ఫ్యాన్ రెక్కకు తగిలేటట్టు ఉందనుకో, మొదటిసారి ఆన్ చేయంగనే కటకట అంటది. అన్ని వైర్లను పక్కకు తోసి క్లిప్పుతోనో దారంతోనో కట్టు. రేకు మళ్ల బిగియ్యి. మన దిక్కు ఇంకో అలవాటు ఉన్నది, ఎండకాలమంతా రేకు తీసి పక్కన టేబుల్ ఫ్యాన్ పెడుతరు. ఆ వారం చల్లగనే ఉంటది. ఆ తర్వాత ఆ ఫ్యానే సడక్ మీది దుమ్మంతా తీసుకొచ్చి మదర్‌బోర్డు మీద పోస్తది, బల్లులకు గూడ తలుపు తీసినట్టే. మూసి పెట్టుడే మేలు.

డబ్బాను నేల మీద పెట్టకు. నువ్వు ఊడ్చే చీపురు రేపే దుమ్మంతా దాని ముక్కుకే పోతది. చిన్న స్టూలు మీద పెట్టు, ఎనుక జానెడు సందు వదులు, షట్టర్‌కు ఎదురుంగ గాకుండ మూలకు జరుపు. ముసుగు కప్పాలంటె రాత్రి బందు చేసి, చల్లారినంక కప్పు, పొద్దుగాల తియ్యుడు మరువకు.

దసరా ఆయుధ పూజ సంగతి నాకు తెల్వదా? ట్రాక్టర్ కడుగుతరు, బండి కడుగుతరు, కంప్యూటర్‌ను మాత్రం పైపైన తుడిచి పసుపు కుంకుమ పెడుతరు. పెట్టు, ఎవరొద్దన్నరు? ముందటి గట్టి ప్లాస్టిక్ మీద పెట్టు, పైన జాలీ మీద చల్లకు. విభూతి సన్న పొడి, జాలీల నుంచి నేరుగ లోపలికి దిగుతది. కొబ్బరికాయ గడప కాడ కొట్టు, టేబుల్ మీద గాదు. అగరుబత్తిని దేవుని పటం కాడికే పంపు. నీకు ఒక తేదీ గుర్తుండాలంటె, దసరాకు ముందు ఒకసారి, శివరాత్రి అయినంక ఎండలు ముదరకముందు ఇంకోసారి ఇప్పి దులుపు. ఇండ్లల్ల వాడుకునేటోళ్లకు అది చాలు. గుడి దారిల దుకాణానికి మూడు నెలలకోసారి తప్పది.

పని అయినంక ఫలితం చూసుకోవాలె గదా. ఆన్ చేయంగనే డిలీట్ బటనో, ఎఫ్2నో ఒత్తుకుంట ఉంటే బయాస్ తెర వస్తది, దాంట్ల సీపీయూ టెంపరేచర్ కనపడుతది. దులపకముందు ఒక పగటిపూట చూసి రాసిపెట్టు, దులిపినంక అదే యాళ్లకు మళ్ల చూడు. అంకె తగ్గితే మంచిది. తగ్గకుంటె అప్పుడు పేస్టు ఎండిపోయిందని అనుకోవచ్చు, మెకానిక్ కాడికి పోయి "పేస్టు మార్చు" అని నువ్వే చెప్పు. విండోస్ మళ్ల ఎక్కిస్తనంటె వద్దను.

ఒక్కోసారి మూసి ఆన్ చేసినంక తెర నల్లగనే ఉండి డబ్బా బీప్ బీప్ అంటది. ఆగమాగం గాకు. కుంచె తగిలి ర్యామ్ కదిలి ఉంటది. మళ్ల ప్లగ్గు పీకి, రెండు దిక్కుల క్లిప్పులు తెరిచి, ర్యామ్ అంచులు పట్టుకొని తీసి, టక్‌మనేదాక నొక్కు. బంగారు రంగు పళ్లను ముట్టకు. మెకానిక్‌లు పెన్సిల్ రబ్బరుతోని రుద్దుతరు, పనైతే చేస్తది గానీ ఆ రబ్బరు పొట్టు సాకెట్‌ల పడితే కొత్త తిప్పలు, ఆల్కహాల్ అద్దిన గుడ్డే నయం. అంతా మంచిగ లేచి, తేది మాత్రం పాత సంవత్సరం చూపిస్తే, మీసేవ సైట్లు తెరుచుకోకుండ సతాయిస్తే, అది దుమ్ము పని గాదు. మదర్‌బోర్డు మీద నాణెమంత బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సీఆర్ 2032 అని అడుగు, గడియారాల దుకాణంల గూడ దొరుకుతది.